బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం.. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. మాది కదిరి. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాం, కె.ఆర్.పురంలో ఉంటాం. ఏడాదిగా బ్రష్ చేసినప్పుడల్లా కింది పళ్ల దగ్గర చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. భయమేసి అక్కడ బ్రష్ పెట్టడం మానేసి వేలితో తోముకుంటున్నాను. చలికాలం వచ్చిందంటే చన్నీళ్లు పుక్కిలించలేను, పళ్లు జివ్వుమంటాయి. మూడేళ్ల కిందట క్లీనింగ్ చేయించుకుంటే పళ్ల మధ్య సందులు వచ్చాయి. మళ్లీ చేయిస్తే పళ్లు వదులైపోతాయని మా అత్తగారు అంటున్నారు. ఇప్పుడు డాక్టరేమో చిగుళ్ల లోపలిదాకా క్లీన్ చేయాలంటున్నారు. మా వారికి షుగర్ ఉంది, నోటి నుంచి వాసన కూడా వస్తుంది. పాపకు ఆరేళ్లు. ఏడాది పొడవునా పళ్లను ఎలా చూసుకోవాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. రక్తం వస్తోందని అక్కడ బ్రష్ పెట్టడం మానేశానన్నారు. మిగతావన్నీ తర్వాత చూద్దాం, ముందు ఈ రాత్రి నుంచే రక్తం వచ్చే చోట మళ్లీ బ్రష్ పెట్టండి. మెత్తటి బ్రష్ కొనుక్కోండి, నెమ్మదిగా తోమండి, కానీ ఆ చోటు మాత్రం వదలొద్దు.

రక్తం రావడానికి సాధారణంగా కారణం పాచి. పంటికీ చిగురుకూ మధ్య అంచులో సూక్ష్మజీవులు పొరలా పేరుకుంటాయి. వాటిని ఎదుర్కోవడానికి శరీరం అక్కడికి ఎక్కువ రక్తం పంపిస్తుంది. దాంతో చిగురు ఎర్రబడి, ఉబ్బి, తాకితే చాలు రక్తం కారేంత మెత్తబడుతుంది. తోమడం ఆపితే పాచి పెరుగుతుంది, వాపు పెరుగుతుంది, రక్తం ఇంకా ఎక్కువ వస్తుంది. ఏడాదిగా మీరు ఈ చక్రంలోనే తిరుగుతున్నారు. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లోయె అనే దంతవైద్యుడు, ఆయన సహచరులు దీన్ని చాలా స్పష్టంగా చూపించారు. చిగుళ్లు బాగున్న 12 మందిని, వాళ్లలో ఎక్కువమంది డెంటల్ విద్యార్థులే, పళ్లు తోముకోవద్దన్నారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక సుమారు వారంలో మామూలైపోయాయి. మీకు కూడా వాపు చిగురు వరకే ఉంటే వారం, రెండు వారాల్లో రక్తం తగ్గిపోవాలి. సరిగ్గా తోముతున్నా రెండు వారాల తర్వాత కూడా రక్తం వస్తోందంటే లోపల ఇంకేదో ఉందన్నమాట. మీ విషయంలో అది గార అయ్యుంటుందని నా అనుమానం.

పాచిని వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి రాయిలా గట్టిపడుతుంది. అదే గార. గట్టిపడ్డాక ఏ పేస్టుకూ, ఏ పొడికీ, ఏ బ్రష్‌కూ అది రాదు. రాత్రి బ్రష్ చేశాక కింది ముందు పళ్ల వెనక వైపు నాలుకతో తడిమి చూడండి. నున్నగా జారితే మంచిదే. గరుకుగా, మెట్టులా తగిలితే అక్కడ గార ఉన్నట్టే. లాలాజల గ్రంథుల నాళాలు నాలుక కింద తెరుచుకుంటాయి కాబట్టి చాలామందికి మొదట గార పట్టేది అక్కడే. మీకు రక్తం వచ్చేది కూడా కింది పళ్ల దగ్గరే.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడను తప్పుపట్టలేను, ఎందుకంటే క్లీనింగ్ తర్వాత సందులు కనపడటం నిజం. అయితే ఆ సందులను చేసింది మెషిన్ కాదు. గార కింద చిగురు కిందికి జారి, పంటిని పట్టుకునే ఎముక అరుగుతూ వస్తుంది. ఆ ఖాళీని నింపుకుని కూర్చున్నది గారే. దాన్ని తీసేసరికి అప్పటికే ఉన్న ఖాళీ బయటపడింది, అంతే. పళ్లు వదులుగా అనిపించడం కూడా అలాంటిదే. అప్పటిదాకా పళ్లను ఒకదానికొకటి అతికించినట్టు పట్టి ఉంచింది గార. స్కేలింగ్ మెషిన్ కొన సన్నగా అదురుతూ, నీళ్లు చిమ్ముతూ గారను పగలగొడుతుంది. శిక్షణ ఉన్న చేతిలో అది పంటిని చెక్కేయదు. తర్వాత నాలుగైదు రోజులు పళ్లు జివ్వుమంటాయి, అది తగ్గిపోతుంది.

మీ డాక్టర్ చెప్పిన లోపలి క్లీనింగ్ వేరు. దానికి ముందు వాళ్లు సన్నటి కడ్డీ ఒకటి చిగురు అంచులోకి నెమ్మదిగా దించుతారు. దాని మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. 1 నుంచి 3 మిల్లీమీటర్లు దిగితే సరే. 4, అంతకంటే ఎక్కువ దిగితే చిగురు పంటి నుంచి విడిపోయి సంచిలా ఏర్పడినట్టు. ఆ సంచి లోపలికి మీ బ్రష్ ఎప్పటికీ వెళ్లలేదు. మత్తు సూది ఇచ్చి వేరుదాకా శుభ్రం చేస్తే చిగురు మళ్లీ పంటిని అంటుకునే అవకాశం ఉంటుంది. పోయిన ఎముక మాత్రం చాలావరకు తిరిగి రాదు, అందుకే ఆలస్యం చేయొద్దంటున్నాను. మీరు వెళ్లినప్పుడు ‘ఏ పంటి దగ్గర ఎన్ని మిల్లీమీటర్లుంది, ఎక్స్‌రేలో ఎముక ఎంత తగ్గింది’ అని అడగండి. ఆ అంకెలు రాసి ఇమ్మనండి. రెండు నెలల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు తగ్గాయో లేదో మీకే తెలుస్తుంది. ఖర్చు భారమనిపిస్తే కె.ఆర్. మార్కెట్ దగ్గర విక్టోరియా ఆస్పత్రి ఆవరణలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. అక్కడ చిగుళ్ల విభాగం వేరుగా ఉంటుంది. ఉదయాన్నే వెళ్లండి.

ఇంట్లో చేయాల్సిన దాంట్లో అన్నిటికంటే ముఖ్యం రాత్రి బ్రష్. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, నోటిని కడిగేవాళ్లు ఉండరు. పొద్దున ఒక్కసారి తోముకుని, రాత్రి వదిలేయడం మనవాళ్లలో చాలా ఇళ్లలో అలవాటు. రెండింటిలో ఒకటే కుదిరితే రాత్రిదే ఎంచుకోండి అంటాను. బ్రష్ కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఉండేలా ఏటవాలుగా ఆనించి, చిన్నగా అక్కడక్కడే కదిలించండి. అటూ ఇటూ గట్టిగా రుద్దితే చిగురు జారుతుంది, వేరు బయటపడుతుంది. రెండు నిమిషాలు పడుతుంది. తర్వాత నురగ ఉమ్మేయండి, గ్లాసెడు నీళ్లతో పుక్కిలించకండి. పేస్టులోని ఫ్లోరైడ్ పంటి మీద కాసేపు ఉంటేనే పనిచేస్తుంది. ట్యూబు మీద 1000 పీపీఎం ఫ్లోరైడ్ అని ఉందో లేదో చూసుకోండి. మూడు నెలలకొకసారి, కుచ్చు విచ్చుకుంటే అంతకుముందే బ్రష్ మార్చండి.

పళ్ల సందులకు బ్రష్ చేరదు. మీకు ఇప్పటికే సందులున్నాయి కాబట్టి ఫ్లాస్ దారం కంటే సందుల్లో దూర్చే చిన్న బ్రష్‌లు మేలు. మెడికల్ షాపుల్లో సైజుల వారీగా దొరుకుతాయి, ఏ సైజో డాక్టర్‌ను అడగండి. చీపురుపుల్ల, పిన్నీసు మాత్రం వద్దు. కూరలో ములక్కాడ పీచు ఇరుక్కుంటే పిన్నీసు వెతుక్కోవడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. దానితో చిగురు చీరుకుపోతుంది. వేపపుల్ల వాడేవాళ్లు వాడుకోవచ్చు, పైపైన శుభ్రం చేస్తుంది. అది సందుల్లోకి వెళ్లదు, అందులో ఫ్లోరైడ్ ఉండదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు వేసి రుద్దితే పైపొర అరుగుతుంది. పొగాకు పొడితో తోముకునేవాళ్లు ఇంట్లో ఉంటే ఈ వారమే మాన్పించండి.

చలికాలం సంగతికొస్తే, బెంగళూరులో డిసెంబరు తెల్లవారుజామున ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. చిగురు జారి వేరు బయటపడ్డ చోట ఆ చల్లదనం సన్నటి గొట్టాల్లాంటి రంధ్రాల గుండా నరందాకా పోతుంది. జివ్వుమనడం తగ్గడానికి వాడే పేస్టు ఉంది, కానీ రెండు నుంచి నాలుగు వారాలు రోజూ వాడితేనే తేడా తెలుస్తుంది. చాలామంది మూడు రోజులు వాడి పనిచేయలేదని పక్కన పెట్టేస్తారు. అప్పటిదాకా పుక్కిలించాల్సి వచ్చినప్పుడు గోరువెచ్చని నీళ్లు వాడండి. ఒకే పన్ను జివ్వుమంటూ, చల్లదనం పోయాక కూడా నిమిషాల తరబడి సలుపుతుంటే అది పిప్పిపన్ను కావచ్చు. పేస్టుతో పోదు, చూపించుకోవాల్సిందే.

సంక్రాంతికి ఇక్కడ ఇంటింటికీ ఎళ్లు–బెల్ల, అంటే నువ్వులూ బెల్లమూ కలిపి పంచుతారు, మన ఇళ్లలో అరిసెలు. బెల్లమైతే ఫర్వాలేదనుకోకండి, పంటికి బెల్లం, చక్కెర రెండూ ఒకటే. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే నోట్లో ఆమ్లం పుడుతుంది, అది తగ్గడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే ఎంత తిన్నారన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. రెండు అరిసెలు భోజనంతో పాటు తినేయండి. వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా ముక్క తుంచుకోవద్దు. ఆఫీసుల్లో బై–టూ కాఫీలకూ ఇదే లెక్క. చక్కెర కాఫీ గంటగంటకూ తాగితే పళ్లకు రోజంతా తెరిపి ఉండదు.

వేసవిలో మామిడికాయ ముక్కల మీద ఉప్పూ కారం, నిమ్మ సోడా, పులుపు ఎక్కువ. పులుపు తిన్న వెంటనే బ్రష్ చేయకండి, ఆ సమయంలో పైపొర మెత్తబడి ఉంటుంది. నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి. దాహానికి మంచినీళ్లు, చక్కెర వేయని మజ్జిగ చాలు.

వర్షాకాలంలో మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. జ్వరంతో పాటు చిగుళ్ల నుంచి రక్తం వస్తే డెంటిస్ట్ దగ్గరికి వెళ్లకండి, నేరుగా ఆస్పత్రికి వెళ్లి డెంగీ పరీక్ష, రక్త పరీక్ష చేయించండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. జ్వరం లేకపోయినా తోమకుండానే రక్తం కారడం, ఒంటి మీద నీలం మచ్చలు రావడం ఉంటే అప్పుడు కూడా రక్త పరీక్ష ముందు.

మీ వారి విషయం నాకు మీ చిగుళ్లంతే ఆందోళన కలిగిస్తోంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్లలో వాపు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్ల చికిత్స తర్వాత మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) సగటున 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పుదీనా బిళ్లలు చప్పరించి వాసన కప్పేసుకోవడం ఆపమనండి, మీతో పాటే తీసుకెళ్లండి. ఆయనకు సిగరెట్ అలవాటుంటే డాక్టర్‌కు దాచొద్దు. పొగ తాగేవాళ్లకు రక్తం తక్కువ కారుతుంది కాబట్టి జబ్బు ముదిరేదాకా బయటపడదు. గుట్కా, వక్కపొడి నమిలే అలవాటుంటే నోరు పూర్తిగా తెరవగలుగుతున్నారో లేదో అద్దంలో చూసుకోమనండి. నోట్లో తెల్లమచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే వెంటనే చూపించాలి. అత్తగారికి బీపీ ఉండి ఆమ్లోడిపిన్ వాడుతుంటే దానివల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి. మాత్ర సొంతంగా ఆపకుండా, రాసిచ్చిన డాక్టర్‌తో మాట్లాడండి.

డాక్టర్ మీకు క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిస్తే చెప్పినన్ని రోజులే వాడండి, మామూలుగా రెండు వారాలు మించదు. ఎక్కువ రోజులు వాడితే పళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, రుచి చెడుతుంది. చిగురు వాచిందని మెడికల్ షాపులో యాంటీబయోటిక్ అడిగి వేసుకోకండి. గార అక్కడే ఉంటుంది, వాపు మళ్లీ వస్తుంది. దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం ఉంటే మాత్రం అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పాప గురించి రెండు మాటలు. ఆరేళ్లకు పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. పాలపన్నే కదా, పుచ్చినా ఊడిపోతుందిలే అని తల్లిదండ్రులు వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పైన లోతైన గాడులుంటాయి, వాటిని పూడ్చే సీలెంట్ వేయించవచ్చు. ఏడెనిమిదేళ్ల దాకా రాత్రి బ్రష్ మీరే చేయించండి, పేస్టు బఠాణీ గింజంత చాలు, మింగకుండా చూడండి.

మీది కదిరి అన్నారు కాబట్టి ఇది కూడా అడుగుతున్నాను. అనంతపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని మీకు తెలిసే ఉంటుంది, ఇక్కడి కోలారు, చిక్కబళ్లాపుర వైపు కూడా అంతే. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా అనుమతి ఉంది. చిన్నతనంలో అంతకు మించి తాగితే కొత్తగా వచ్చే పళ్ల మీద గోధుమ మచ్చలు పడతాయి. మీ అపార్ట్‌మెంట్‌కు బోరు లేదా ట్యాంకర్ నీళ్లయితే, తాగడానికి అవే వాడుతుంటే ఒకసారి పరీక్ష చేయించండి. కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోదు, ఆర్వో ఫిల్టర్ తగ్గిస్తుంది. సెలవుల్లో పాప కదిరిలో నెలల తరబడి ఉంటే అక్కడి నీళ్లు కూడా చూసుకోండి.

లోపలి క్లీనింగ్ పూర్తయ్యాక మొదటి ఏడాది మూడు నాలుగు నెలలకొకసారి చూపించుకోవాల్సి ఉంటుంది. ఆరు నెలలకొకసారి అన్నది అందరికీ వర్తించే లెక్క కాదు, చిగుళ్లు బాగున్నవాళ్లకు ఇంకా ఆలస్యమైనా సరిపోతుంది. మీకు ఏ గడువో మీ కొలతలు చూసి డాక్టర్ చెబుతారు.