లాంప్‌షేడ్ల వృత్తిలోకి వెళ్లాలంటే మోల్డ్ ముందా, గాజు ముందా?

ప్రశ్న: మా అమ్మాయి చిత్రకళలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. స్టెయిన్డ్ గ్లాస్‌తో (అంటే రంగు గాజు ముక్కలను కలిపి) కొన్ని చదును పలకలు చేసింది. ఇకపై లాంప్‌షేడ్ల తయారీనే వృత్తిగా ఎంచుకుంటానని, అందుకు ఒక పెద్ద ఫైబర్‌గ్లాస్ మోల్డ్ (గాజు ముక్కలను పేర్చి షేడ్ ఆకారం తెచ్చే అచ్చు), సరిపడా గాజు కొనిపెట్టమని అడుగుతోంది. ఎలాంటి మోల్డ్, ఎలాంటి గాజు తీసుకోవాలి? ఈ పనిని నమ్ముకుని చదువు ఆపేయవచ్చా? — ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి అడిగిన రెండింటిలో గాజును ఇప్పుడే కొనివ్వండి, పెద్ద మోల్డ్‌ను మాత్రం కొంతకాలం వాయిదా వేయండి. ఖర్చు ఒక్కటే ఇందుకు కారణం కాదు. షేడ్ ఆకారంతో పాటు అది పూర్తి కావడానికి ఎన్ని గంటల పని పడుతుందో కూడా మోల్డే నిర్ణయిస్తుంది. అభిరుచిగా చేసేవారికి ఆ గంటలతో ఇబ్బంది లేదు కానీ, దానితోనే జీవించదలచిన వారికి ధర కట్టడం దగ్గర మొదటి చిక్కు అక్కడే వస్తుంది.

గాజు ముక్క చదునుగా ఉంటుంది, మోల్డ్ వంపు తిరిగి ఉంటుంది. 40 సెంటీమీటర్ల వ్యాసం గల అర్ధగోళపు మోల్డ్ మీద 2 సెంటీమీటర్ల వెడల్పు ముక్కను పెడితే దాని అంచులు ఉపరితలం నుంచి పావు మిల్లీమీటరు మాత్రమే పైకి లేస్తాయి. అదే 5 సెంటీమీటర్ల ముక్కయితే ఒకటిన్నర మిల్లీమీటరు లేస్తాయి. అప్పుడు పక్క ముక్కకూ దానికీ మధ్య బయటివైపు సందు ఏర్పడి, దాన్ని టంకంతో నింపవలసి వచ్చి, గీత మందంగా, మొరటుగా కనిపిస్తుంది. అందుకే వంపు ఎక్కువైన కొద్దీ ముక్కలు చిన్నవి కావాలి. ముక్కలు చిన్నవైతే వాటి సంఖ్య వందల్లోకి వెళ్తుంది. ప్రతి ముక్కనూ కోయాలి, అంచు అరగదీయాలి, అంచుకు పలుచని రాగి పట్టీ (ఫాయిల్) చుట్టాలి, టంకం పెట్టాలి. పెద్ద గుమ్మటం ఆకారపు మోల్డ్ కొనడమంటే ఈ శ్రమ మొత్తానికి ముందుగానే ఒప్పుకోవడం.

కాబట్టి మొదటి రెండు మూడు షేడ్లు మోల్డ్ లేకుండానే చేయమనండి. ఆరు సమలంబ చతుర్భుజాల పలకలను పూర్తిచేసి, బల్ల మీద పక్కపక్కన పేర్చి, టేపుతో కలిపి పైకి లేపితే షేడ్ దానంతట అదే నిలబడుతుంది. ఆ తర్వాత కీళ్ల దగ్గర టంకం చుక్కలు పెట్టి బిగించవచ్చు. లెక్క కూడా తేలికే. ఒక్కో పలక అడుగు వెడల్పు 16 సెంటీమీటర్లు అయితే షేడ్ కింది అంచున ఎదురెదురు మూలల మధ్య దూరం సరిగ్గా 32 సెంటీమీటర్లు వస్తుంది. ఇటువంటి షేడ్లను తక్కువగా చూసే నిపుణులు ఉన్నారు కానీ, ఆ చిన్నచూపులో నాకు న్యాయం కనబడదు. తక్కువ గంటల్లో పూర్తయ్యే వస్తువే కొత్తగా వృత్తిలోకి వచ్చినవారిని నిలబెడుతుంది.

ఆ తర్వాతి మెట్టు థర్మోకోల్ వంటి తేలికపాటి నురుగుతో చేసిన భాగపు మోల్డ్. షేడ్‌లో మూడో వంతో ఆరో వంతో మాత్రమే దాని మీద తయారవుతుంది. ముక్కలను గుండుసూదులతో నిలిపి, టంకం చుక్కలతో కలిపి తీసేసి, అదే భాగాన్ని మళ్లీ మళ్లీ చేసి చివర అన్నిటినీ జోడిస్తారు. టంకం పెట్టే వేడి ఇనుమును ఎక్కువసేపు ఆనిస్తే నురుగు కరిగిపోతుంది. భాగాలలో మిల్లీమీటరు తేడా వచ్చినా చివరి కీలు దగ్గర అది పెద్దదై బయటపడుతుంది కాబట్టి, కోతలో క్రమశిక్షణ నేర్పడానికి దీనికి మించిన గురువు లేదు. పూర్తి ఫైబర్‌గ్లాస్ మోల్డ్ మీద ముక్కలను మైనంతో అతికించి షేడ్ మొత్తాన్ని ఒకేసారి చూసుకోవచ్చు. కింది అంచు ఎగుడుదిగుడుగా, పూల గుత్తుల్లా ఉండే నమూనాలకు అదే తగినది. నిర్దిష్టమైన ఆర్డర్ చేతికి వచ్చిన రోజున దాన్ని కొనవచ్చు.

ఇక గాజు. ఈ వృత్తిలో అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది. రంగు గాజు దీపాలకు పేరొందిన, అమెరికాలోని లూయీ కంఫర్ట్ టిఫనీ సంస్థలో 1892లో ఏర్పడిన మహిళల గాజు కోత విభాగానికి క్లారా డ్రిస్కాల్ నాయకత్వం వహించారు. ఆ విభాగంలో గాజును ఎంచి కోయడమే ఒక ప్రత్యేకమైన ఉద్యోగం. సంస్థ యజమాని పేరు మీద ప్రసిద్ధికెక్కిన దీపాలలో చాలావాటికి రూపకర్త ఆమేనన్న సంగతి ఆమె ఉత్తరాల ఆధారంగా 2007లో న్యూయార్క్‌లో జరిగిన ప్రదర్శనతోనే విస్తృతంగా తెలిసింది.

కెథీడ్రల్ గాజు పారదర్శకం. కిటికీలో అందంగా ఉండే ఆ గుణమే షేడ్‌లో దోషమవుతుంది. లోపలి బల్బు, తీగ, హోల్డర్ అన్నీ కనిపిస్తాయి. పాలలాంటి మసక గల ఓపలెసెంట్ గాజు వెలుగును తనలోనే చెదరగొట్టి షేడ్ అంతటా పరుస్తుంది. ఈ రకం గాజుకు అమెరికన్ చిత్రకారుడు జాన్ లా ఫార్జ్ 1880లో, టిఫనీ 1881లో పేటెంట్లు పొందారు. నేటికీ లాంప్‌షేడ్లకు ప్రధానమైనది ఇదే. కెథీడ్రల్ గాజును నమూనాలోని తూనీగ రెక్కలకో, అంచులోని చిన్న ముక్కలకో పరిమితం చేయడం మంచిది.

గాజు షీటును పగటి వెలుతురులో బల్ల మీద చూసి ఎంచుకోవడం ఈ పనిలో అత్యంత సాధారణమైన పొరపాటు. మీద పడిన వెలుగులో తెల్లగా కనిపించిన షీటు వెనుక దీపం పెడితే నారింజ రంగుకు తిరగవచ్చు. షేడ్ పగలు ఒక రకంగా, రాత్రి మరో రకంగా కనిపించే వస్తువు కాబట్టి రెండు స్థితులలోనూ పరీక్షించాలి. లైట్ బాక్స్ ఉపయోగమే, కానీ తుది నిర్ణయం షేడ్‌లో వాడబోయే బల్బు ముందే జరగాలి; 2700 కెల్విన్ పసుపు ఛాయ బల్బు ముందు తేనెరంగులు వికసిస్తాయి, నీలాలు మందగిస్తాయి. ఫైబర్‌గ్లాస్ మోల్డ్ మీద ఉన్నంతసేపు ముక్కల వెనుక నుంచి వెలుగు రాదు గనుక, రంగుల పొందిక అంతకుముందే తేల్చుకోవాలి. నేపథ్యానికి వాడే గాజు మొత్తాన్ని ఒకే షీటు నుంచో, ఒకే విడతలో పోసిన షీట్ల నుంచో తీసుకోవాలి, ఎందుకంటే అదే పేరు గల గాజు కూడా విడత విడతకూ మారుతుంది. చారల గాజులో రేక ఈనె వెంట చార నడవాలంటే షీటులో చాలా భాగం వృథా అవుతుంది. ఆ వృథాను ధరలో కలపడం అలవాటు చేసుకోమనండి.

చదువు ఆపవద్దు. రంగు, రూపం గురించి కళాశాలలో నేర్చుకునేదే ఆమెను కేవలం కిట్లు అతికించేవారి నుంచి వేరుచేస్తుంది. ఈలోగా ప్రతి షేడ్‌కూ పట్టిన గంటలు, వాడిన గాజు, వృథా అయినది రాసిపెట్టుకుని, వెలిగించినప్పుడూ ఆర్పినప్పుడూ ఫొటోలు తీసిపెట్టుకుంటే స్టూడియోలకు చూపించడానికి అంతకన్నా మంచి పరిచయపత్రం ఉండదు. ఇంట్లో చేసేటప్పుడు మీరు చూసుకోవలసింది ఒకటుంది. వాడుకలో ఉన్న 60/40 టంకంలో 40 శాతం సీసమే. ఆ పనికి వంటగదికి దూరంగా, గాలి ఆడే గది కేటాయించండి, చిన్నపిల్లలను అటు రానివ్వకండి, చేతులు కడుక్కోకుండా ఏమీ తిననివ్వకండి. గాజును నీటితో తడుపుతూ పనిచేసే, గాజు కోసమే ఉద్దేశించిన గ్రైండర్ మీదే అరగదీయాలి.

కొత్త షేడ్ల అమ్మకం ఒక్కదాని మీదే ఆధారపడితే ఆదాయం నిలకడగా రాదు. పగిలిన పాత షేడ్ల మరమ్మతు కూడా నేర్చుకోమనండి. పాత గాజుకు జోడు దొరకడం నానాటికీ కష్టమవుతోంది. అమెరికాలో రంగు గాజు తయారుచేసే స్పెక్ట్రమ్ గ్లాస్ 2016లో, యూరోబొరోస్ 2017లో తమ ఫ్యాక్టరీలు మూసేశాయి. అందుచేత మిగిలిన గాజు ముక్కలను పారేయకుండా, తయారీదారు పేరు, షీటు సంఖ్య రాసి దాచిపెట్టడం ఈ మొదటి షేడ్ నుంచే మొదలుపెట్టాలి.