ఆ మాట వాడికే చెప్పు, బుజ్జీ

బుజ్జీ,

ఆదివారం మీ పెంట్‌హౌస్ గది బయట, వాటర్ ట్యాంకు పక్కన కూర్చుని మీ బ్యాండ్ ప్రాక్టీస్ గంటన్నర విన్నాను. మల్కాజిగిరిలో ఆ సాయంత్రం ఉక్కపోత మామూలుగా లేదు. అయినా లేవబుద్ధి కాలేదు. ఎనిమిదో తరగతి నుంచి కలిసి తిరిగిన నలుగురు తమ సొంత పాట తామే కట్టుకోవడం చిన్న సంగతి కాదమ్మా. పల్లవి దగ్గర మీ డ్రమ్మర్, కింది స్వరాల బాస్ గిటార్ వాయించే అబ్బాయి ఇద్దరూ ఒకే దెబ్బ మీద దిగినప్పుడు నా కాలు దానంతటదే కదిలింది.

కానీ రెండో చరణంలో నీ గొంతు వినపడలేదు. మీ గిటారిస్ట్ వాయించే లీడ్ వచ్చి నీ మాటల మీద పడిపోయింది. అడిగితే నువ్వు చెప్పులేసుకుంటూ మెల్లిగా, "వాడెప్పుడూ అంతే మావయ్యా" అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అందుకే ఈ ఉత్తరం.

మేమూ నలుగురమే. 1993లో తార్నాకలో, మా డ్రమ్మర్ వాళ్ల కారు షెడ్డులో వాయించేవాళ్లం. నాది బాస్. లీడ్ వాయించేవాడు నాకు చిన్నప్పటి దోస్తు. ఒక పాటలో వాడి సోలో వారం వారం పెరుగుతూ పోయింది. ప్రాక్టీస్ అయ్యాక మిగతా ముగ్గురం ఇరానీ హోటల్లో కూర్చుని దాని మీద నవ్వుకునేవాళ్లం. షెడ్డులో మాత్రం ఒక్కరం నోరు విప్పలేదు. దోస్తు కదా, బాధపడతాడని. నెల తిరక్కుండానే ఆ నవ్వు సంగతి ఎవరి ద్వారానో వాడి చెవిన పడింది. మరుసటి ఆదివారం వచ్చాడు, వాయించాడు, కేబుల్ చుట్టలు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు, వెళ్లొస్తానన్నాడు. మళ్లీ రాలేదు. పోట్లాడి ఉంటే కలిసేవాళ్లమేమో. "ఇక్కడ సగం చాలురా" అని ఎదురుగా చెప్పి ఉంటే అయిదు నిమిషాల్లో కోసేసేవాడు, అలాంటి మనిషి. ముప్పై ఏళ్లు దాటినా అది నన్ను వదల్లేదు.

కాబట్టి చెప్పు. "నువ్వు ఎక్కువ వాయిస్తున్నావు" అనకు, అది మనిషికి తగులుతుంది. "రెండో చరణంలో నా మాట వినపడట్లేదు, అక్కడ ఖాళీ కావాలి" అను. అది పాట సంగతి. చెప్పేముందు అందరూ కలిసి ఒకసారి వినండి. ఫోన్ తలుపు బయట పెట్టి రికార్డు చేస్తే చాలు. అయితే ఆ రికార్డును ఫోన్ స్పీకర్‌లో విని బాస్ అబ్బాయిని తప్పుపట్టొద్దు. బాస్ గిటార్ లావు తీగ పలికేది దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర, అంత కింది స్వరం ఆ చిన్న స్పీకర్‌లో పలకదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

ఇంకో సంగతి. ఇందులో సగం తప్పు వాడిది కాదు, యాంప్ (గిటార్ మోత పెంచే స్పీకర్ పెట్టె) పెట్టిన చోటుది. నేల మీద పెట్టారు. దాని మోత వాడి మోకాళ్ల పక్కనుంచి పోయి ఎదురుగా ఉన్న నీకు కొడుతోంది. వాడికి వినపడక వాల్యూమ్ నాబ్ తిప్పుతున్నాడు. వాడు తిప్పాడని డ్రమ్మర్ గట్టిగా కొడుతున్నాడు. ఇద్దరి మోతనూ దాటాలని నువ్వు గొంతు చించుకుంటున్నావు. యాంప్‌ను కుర్చీ మీదికెక్కించి, వాడి చెవి వైపు కాస్త వెనక్కి వాల్చండి. వాడే తగ్గిస్తాడు చూడు.

తగ్గించుకోవాల్సిన అవసరం చెవులకూ ఉంది. 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చంటారు. పైకి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. అంత చిన్న గదిలో డ్రమ్స్ ఒక్కటే ఆ లెక్క దాటిస్తాయి. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్స్ నలుగురూ పెట్టుకోండి. డ్రమ్మర్ తప్పనిసరిగా. గోడలకు గుడ్ల ట్రేలు అంటించాలని ఎవరో చెప్పారన్నావు, వద్దు. అవి మోతను బయటికి పోకుండా ఆపవు. తలుపు కింద సందు మూయండి, డ్రమ్స్ కింద పాత తివాచీ పరవండి, గోడకు బొంతలు వేలాడదీయండి. రాత్రి పది కొట్టేలోపు ఆపేయండి. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి నిబంధనల్లోనే ఉంది. కింది వాటావాళ్లు పైకెక్కి వచ్చేదాకా తెచ్చుకోవద్దు.

వారానికి ఒకరోజు కరెంటు లేకుండా కూర్చోండి. యాంపులొద్దు, మైకొద్దు. డ్రమ్మర్ తొడల మీద తట్టాలి, మీరు గొంతు తగ్గించి పాడాలి. అప్పుడు తెలుస్తుంది ఎవరు ఎక్కడ ఉరుకుతున్నారో. మీ పాట పల్లవికి వచ్చేసరికి ప్రతిసారీ వేగం పెరుగుతోంది. ఉత్సాహం వల్లే అనుకో. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 80 దెబ్బల మీద పెట్టి ఆ పాట కదలకుండా వాయించగలిగాక 120కి వెళ్లండి. బాస్ ఒక స్వరం పట్టినప్పుడల్లా స్నేర్ డ్రమ్ము జరజరమంటోంది, విన్నావా? ఎవరూ కొట్టకుండానే మోగుతోంది. దాని అడుగున తీగలుంటాయి, పక్కనే మీట ఉంటుంది. స్నేర్ వాయించని చోట మీట దించేయమను.

నీ మాటల గురించి. "కల రాని రాత్రి" అని రాశావు, బాగుంది. కానీ మీ ట్యూన్‌లో "క" మీద దెబ్బ పడి, అది సాగుతోంది. కింద పప్పు తాలింపు వేస్తున్న అమ్మమ్మ, "కాళరాత్రి ఏమిట్రా, సాయంత్రం పూట!" అంది. ఆవిడ సరిగ్గానే విన్నది. మన భాషలో హ్రస్వాన్ని సాగదీస్తే మాటే మారిపోతుంది. "కల" రెండూ లఘువులు. వాటిని దెబ్బకు ముందే అనేసి, దెబ్బను "రా" మీద పడనివ్వు. కల రా...ని రా...త్రి. రెండు "రా"లూ గురువులే, ఎంతసేపైనా సాగుతాయి. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఇంగ్లీషు పాటల ట్యూన్‌లో తెలుగు కుక్కడం కంటే, మాట ఎక్కడ బరువుగా ఉందో చూసి దెబ్బ అక్కడికి జరపడం నాకిష్టం.

పాట పూర్తయిన రోజే నోటుబుక్కులో రాసుకోండి. మాటలు ఎవరివి, ట్యూన్ ఎవరిది, తేదీ, నలుగురి సంతకాలు. చట్టంలో సాహిత్యం హక్కు వేరు, సంగీతం హక్కు వేరు, రికార్డింగ్ హక్కు ఇంకా వేరు. డబ్బు వచ్చాక కూర్చుంటే ఆ రాత ముందుకు సాగదు. ఇప్పుడైతే చాయ్ తాగుతూ పది నిమిషాల్లో అయిపోతుంది.

వచ్చే ఆదివారం నా పాత బాస్ యాంప్ ఆటోలో వేసుకుని వస్తున్నాను. పైకి మోయడానికి మీ గిటారిస్ట్‌ను కిందికి పంపు. నేను వచ్చేలోపు రెండో చరణం సంగతి వాడితో మాట్లాడి ఉంచు.

మావయ్య