కేబుల్ మానేద్దామా? ఉచిత డిష్‌పై పాఠకుల ప్రశ్నలు

కేబుల్, డీటీహెచ్ చార్జీల బరువు గురించి, వాటికి బదులుగా పైసా కట్టకుండా టీవీ చూసే మార్గాల గురించి వచ్చిన ఉత్తరాలు చాలా ఉన్నాయి. వాటిలో ఆరింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఇంట్లో మేమిద్దరమే ఉంటాం. కేబుల్‌కు నెలకు 350 రూపాయలు కడుతున్నాం. ప్రభుత్వ డిష్ పెట్టించుకుంటే ఆ ఖర్చే ఉండదని మా బావమరిది అంటున్నాడు. కేబుల్ తీయించేయమంటారా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మీ బావమరిది చెప్పింది నిజమే. కాకపోతే ఆయన చెప్పని సంగతి ఒకటుంది, దాన్ని మీ ఇంటావిడను అడిగి తెలుసుకోవాలి. ఆవిడ సాయంత్రం ఆరు గంటల నుంచి తొమ్మిదింటి దాకా ఏ ఛానల్ చూస్తారు? ఆ ఛానల్ ఈటీవీ, జెమిని, స్టార్ మా, జీ తెలుగుల్లో ఒకటైతే, ఉచిత డిష్‌లో అది రాదు. అవన్నీ పే ఛానళ్లు, అంటే డబ్బు కడితేనే వచ్చేవి.

ప్రసార భారతి నడిపే ఈ సేవ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అన్న పేరుతో మొదలైంది. ఇప్పుడు దాని పేరు డీడీ ఫ్రీ డిష్. దేశంలో 4 కోట్లకు పైగా ఇళ్లలో ఇదే నడుస్తోందంటే, అందులో ఎక్కువ భాగం హిందీ ప్రాంతాల పుణ్యమే. అక్కడి వారికి హిందీ వినోదం, సినిమాలు, వార్తలు ధారాళంగా దొరుకుతాయి. మనకు ఖాయంగా వచ్చేవి విజయవాడ నుంచి డీడీ సప్తగిరి, హైదరాబాద్ నుంచి డీడీ యాదగిరి, వాటితో పాటు దూరదర్శన్ జాతీయ ఛానళ్లు, సంసద్ టీవీ, పాఠాలు చెప్పే పీఎం ఈ-విద్య ఛానళ్లు, ఆకాశవాణి రేడియో. ప్రైవేటు ఛానళ్లు మాత్రం ఏటా జరిగే వేలంలో స్థానం కొనుక్కుని వస్తాయి కాబట్టి, ఈ ఏడాది ఉన్నది వచ్చే ఏప్రిల్‌లో ఉంటుందన్న హామీ లేదు. హిందీలోని పెద్ద సంస్థలే 2019లో తమ ఛానళ్లను తీసేసుకుని, తర్వాత కొన్నింటిని తిరిగి తెచ్చి, 2022 ఏప్రిల్‌లో మళ్లీ తీసేసుకున్నాయి. ఎవరిదో మాట విని ఫలానా తెలుగు ఛానల్ వస్తుందనుకోకుండా, దుకాణంలో ఆడుతున్న పెట్టెలో కళ్లారా చూసి కొనండి.

ఇక లెక్క చూద్దాం. డిష్, దాని ముందు ఉండి తరంగాలను అందుకునే ఎల్‌ఎన్‌బీ, వైరు, సెట్‌టాప్ బాక్స్, బిగింపు కూలి కలిపి రమారమి 2,000 రూపాయలవుతుంది. మీరు ఏడాదికి కేబుల్‌కు కడుతున్నది 4,200. ఆరేడు నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుంది. వార్తలు, పాత సినిమా పాటలు, క్రికెట్ చాలనుకునే ఇంటికి ఇది మంచి బేరం.

సీరియళ్లు తప్పనిసరి అయితే నా సలహా వేరు. కేబుల్ తీయించకండి, ప్యాకేజీని తీయించండి. 2019 ఫిబ్రవరి నుంచి అమలైన ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) విధానంలో మీకు కావలసిన పే ఛానళ్లను విడిగా ఎంచుకునే హక్కు ఉంది. కేబుల్ ఆయన ఈ మాట తనంతట తాను చెప్పడు, ఎందుకంటే ప్యాకేజీ అమ్మడం ఆయనకు తేలిక. ప్యాకేజీలో కలిపి అమ్మే ఏ పే ఛానల్ విడి ధరా 19 రూపాయలు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. కనెక్షన్‌కు నెలనెలా కట్టే నెట్‌వర్క్ చార్జీ 130 అనుకుని, రెండు తెలుగు ఛానళ్లకు 38 కలిపి, 18 శాతం జీఎస్‌టీ వేసినా 198 రూపాయల చిల్లర అవుతుంది. నెట్‌వర్క్ చార్జీపై ఉన్న గరిష్ఠ పరిమితిని ట్రాయ్ 2024 జులైలో ఎత్తేసింది కాబట్టి మీ ఊళ్లో అది ఎంతో ముందు అడగండి. ఇంట్లో రెండో టీవీ ఉంటే దానికి మాత్రం ఫ్రీ డిష్ పెట్టించండి; రెండో కేబుల్ కనెక్షన్‌కు డబ్బు పోయడం దండగ.

ప్రశ్న: రీఛార్జ్ మానేసిన పాత డీటీహెచ్ డిష్ మా డాబా మీద ఉంది. దాన్నే ఫ్రీ డిష్‌కు వాడుకోవచ్చా? పక్కింటివారు మూడంతస్తులు కట్టారు, సిగ్నల్ అడ్డుతుందని మెకానిక్ అంటున్నాడు.
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: డిష్ తుప్పు పట్టి వంగిపోకుండా ఉంటే నిక్షేపంగా వాడుకోవచ్చు. అది ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాలను ఒక బిందువు దగ్గరికి చేర్చే లోహపు పళ్లెం మాత్రమే, దానికి ఏ కంపెనీతోనూ ముడి లేదు. దాని ముందు కడ్డీకి బిగించి ఉండే ఎల్‌ఎన్‌బీ కూడా యూనివర్సల్ రకమైతే పనికొస్తుంది. పనికిరానిదల్లా పెట్టె. పాత కంపెనీ పెట్టె ఆ కంపెనీ కార్డుకే తాళం వేసి ఉంటుంది. కొత్త పెట్టె కొనేటప్పుడు ఎంపెగ్-4 రకం (బొమ్మను కుదించి పంపే కొత్త పద్ధతి) అని అడిగి తీసుకోండి. ఎంపెగ్-2 పెట్టెలు రెండు వందలు తక్కువకు దొరికినా, వాటిలో ఫ్రీ డిష్ ఛానళ్లలో చాలావాటికి బొమ్మే రాదు.

దిశ మాత్రం మార్చాలి. ఫ్రీ డిష్ ప్రసారాలు జీశాట్-15 నుంచి వస్తాయి. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ప్రయోగించిన ఈ ఇస్రో ఉపగ్రహం భూమధ్యరేఖకు నేరుగా పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలిచి ఉంటుంది. ఒక్కో డీటీహెచ్ కంపెనీ ఉపగ్రహం ఒక్కో చోట ఉంటుంది కాబట్టి, మీ పాత డిష్ ఇంచుమించు దక్షిణానికి తిరిగి ఉండవచ్చు, బాగా తూర్పుకు వాలి ఉండవచ్చు. హనుమకొండ నుంచి జీశాట్-15 ఉత్తరం నుంచి లెక్కిస్తే 141 డిగ్రీల దిక్కున, అంటే ఆగ్నేయానికి కాస్త దక్షిణంగా ఉంటుంది. వంటింటికి ఆ మూల కోసం పట్టుబట్టే మనవాళ్లకు ఆగ్నేయం ఎటో ఎవరూ చెప్పనక్కర్లేదు. లేకపోతే ఫోన్‌లో దిక్సూచి చాలు, కానీ దాన్ని ఇనుప స్తంభానికి దూరంగా పట్టుకుని చూడండి.

పక్కింటి గోడ గురించి మీ మెకానిక్ అనవసరంగా భయపెడుతున్నాడని నా అనుమానం. మీ ఊళ్లో ఆ ఉపగ్రహం దిగంతానికి సుమారు 63 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తి వైపు ఉంటుంది. అంత ఎత్తు నుంచి వచ్చే తరంగాన్ని గోడ అడ్డాలంటే అది డిష్‌కు బాగా దగ్గరగా, అదీ ఆగ్నేయం వైపే ఉండాలి. గోడ డిష్ కంటే 20 అడుగులు ఎత్తుగా ఉంటే, దానికి పది పన్నెండు అడుగులు ఇవతల డిష్ పెడితే చాలు. మిగతా మూడు వైపులా ఎంత ఎత్తు కట్టినా మీకు నష్టం లేదు. గోడ కంటే చెట్టుతోనే చిక్కు ఎక్కువ. నాటిన ఏడాది అడ్డురాని కొబ్బరి మొక్క ఐదేళ్లకు మట్టలు చాచి, గాలి వీచినప్పుడల్లా బొమ్మను చెడగొడుతుంది.

ఇంకొక మాట. మన డాబాల మీద ఉండే డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. వాటి ముఖం చూస్తే ఉపగ్రహం వైపు కాక దాని కంటే బాగా కిందికి చూస్తున్నట్టు అనిపిస్తుంది. తప్పుగా బిగించారనుకుని పైకి ఎత్తారంటే ఉన్న సిగ్నలూ పోతుంది. పెట్టె సెట్టింగుల్లో 11090 ఫ్రీక్వెన్సీ, వర్టికల్, సింబల్ రేటు 29500 ఇచ్చి, డిష్‌ను వెంట్రుక వాసి చొప్పున కదుపుతూ క్వాలిటీ గీత ఎక్కడ బాగా పెరిగిందో అక్కడ నట్లు బిగించండి. స్ట్రెంత్ గీతను పట్టించుకోకండి, డిష్ ఎటు తిరిగి ఉన్నా అది నిండుగానే కనిపిస్తుంది.

ప్రశ్న: భారత జట్టు వన్డే ఆడుతున్న రోజున మా కేబుల్‌లో డీడీ స్పోర్ట్స్ పెడితే ఇంకేదో కార్యక్రమం వచ్చింది. అదే ఛానల్లో ఎదురింటి ఫ్రీ డిష్‌లో మ్యాచ్ వస్తోంది. కేబుల్ వాళ్లు మోసం చేస్తున్నారా?
— ఒక డిగ్రీ విద్యార్థి, నంద్యాల

జవాబు: లేదు, ఈ విషయంలో కేబుల్ ఆయన తప్పేమీ లేదు. జాతీయ ప్రాధాన్యం గల క్రీడా పోటీల సిగ్నల్‌ను, వాటి హక్కులు కొన్న ప్రైవేటు సంస్థలు ప్రసార భారతికి ఇచ్చి తీరాలని 2007లో చట్టం వచ్చింది. ఆ సిగ్నల్‌ను దూరదర్శన్ తన టవర్ల ద్వారా, తన సొంత డీటీహెచ్ ద్వారా మాత్రమే చూపాలని, ప్రైవేటు కేబుల్, డీటీహెచ్ వాళ్లకు అది చేరకూడదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. హక్కులకు కోట్లు పోసిన సంస్థ చందాదారులు చేజారకూడదన్నది అందులోని వాదన. అందుకే ఒకే ఛానల్ రెండు ఇళ్లలో రెండు రకాలుగా కనిపించింది. భారత పురుషుల జట్టు వన్డేలు, టీ20లు జాతీయ ప్రాధాన్యం గల పోటీల జాబితాలో ఉన్నాయి. ఐపీఎల్ లేదు, కాబట్టి దాని కోసం ఫ్రీ డిష్ కొంటే నిరాశ పడతారు.

ప్రశ్న: మా పెంకుటింటి మీద నాన్నగారు పెట్టించిన అల్యూమినియం యాంటెన్నా ఇంకా ఉంది. దాన్ని కొత్త టీవీకి కలిపితే ఏమైనా వస్తుందా?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: రాదమ్మా. వ్యూహాత్మక ప్రాంతాల్లోని ఓ 50 మినహా, పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నింటినీ 2022 మార్చి నాటికి ఆపేస్తున్నట్టు దూరదర్శన్ ప్రకటించింది. 2016లో డిజిటల్ టవర్ ప్రసారాలు మొదలైన 16 నగరాల్లో మనకు దగ్గరివి చెన్నై, బెంగళూరు, కటక్. హైదరాబాద్‌కు కూడా ఆ జాబితాలో చోటు దక్కలేదు. ఆ యాంటెన్నా మీద కాకులు వాలుతుంటే ఉండనివ్వండి. పిడుగుల కాలం కాబట్టి దాని తీగ మాత్రం టీవీకి తగిలించకండి.

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. అమ్మానాన్నలు ఆరు నెలలకు వచ్చారు. కేబుల్ లేకుండా యాంటెన్నాతో తెలుగు ఛానళ్లు వస్తాయా? ఇండియా నుంచి ఫ్రీ డిష్ పెట్టె తెప్పించుకుంటే పని చేస్తుందా?
— ఒక ప్రవాస పాఠకుడు

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు: పని చేయదు. జీశాట్-15 మీ దిగంతానికి కింద, భూమికి అవతల ఉంటుంది. ఎంత పెద్ద డిష్ పెట్టినా భూమి అడ్డు.

యాంటెన్నాతో తెలుగు రాదు గానీ, శ్రీకాకుళం పాఠకురాలికి పనికిరాని ఆ వస్తువు మీ దగ్గర బ్రహ్మాండంగా పనికొస్తుంది. అమెరికాలో టవర్ ప్రసారాలు 2009 జూన్‌లో పూర్తిగా డిజిటల్ అయ్యాయి, ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ ఛానళ్లు హెచ్‌డీలో ఉచితంగా వస్తాయి. మీ ప్రాంతపు టవర్లు సెడార్ హిల్‌లో, ఫ్రిస్కోకు సుమారు 40 మైళ్ల దక్షిణాన ఉన్నాయి. అంత దూరానికి కిటికీకి అతికించే పల్చటి రేకు చాలకపోవచ్చు, అటకలో దక్షిణానికి తిప్పి పెట్టేది మేలు. పైగా అక్కడి ఏబీసీ స్టేషన్ వీహెచ్‌ఎఫ్ అనే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో వస్తుంది కాబట్టి, అంతకంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీల యూహెచ్‌ఎఫ్ మాత్రమే పట్టే యాంటెన్నా కొంటే మిగతావన్నీ వచ్చి అదొక్కటే రాదు. మీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) అభ్యంతరం చెబితే, మీ సొంత ఆవరణలో టీవీ యాంటెన్నా పెట్టుకోవడాన్ని నిషేధించే అధికారం వారికి లేదని 1996 నాటి ఎఫ్‌సీసీ (అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ) నియమం చెబుతోంది. అమ్మానాన్నలకు తెలుగు వార్తలు కావాలంటే, ప్రధాన తెలుగు వార్తా ఛానళ్లు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా నడుస్తున్నాయి. టీవీ రిమోట్‌తో యూట్యూబ్ తెరవడం వారికి నేర్పడానికి ఒక ఆదివారం కేటాయించండి.

ప్రశ్న: ముసురు పట్టినప్పుడల్లా మా ఫ్రీ డిష్ ఆగిపోతోంది. మొన్న వానలో మా అబ్బాయి పెట్టెలో ఏదో నొక్కితే ఛానళ్లన్నీ పోయాయి. బాగు చేయడానికి వచ్చినతను రీరిజిస్ట్రేషన్ చేయించాలంటూ 500 అడిగాడు.
— ఒక గృహిణి, మచిలీపట్నం

జవాబు: ఆ 500 ఇవ్వకండి. ఫ్రీ డిష్‌కు రిజిస్ట్రేషన్ లేదు, రీఛార్జ్ లేదు, ఏటా కట్టవలసిందేమీ లేదు. వచ్చినతనికి ఇవ్వవలసింది చేసిన పనికి కూలి మాత్రమే.

డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలను జోరువానలోని నీటి చుక్కలు పీల్చేసుకుంటాయి, డబ్బు కట్టే డిష్‌లదీ ఇదే కథ. కుంభవృష్టికి ఆగితే అది సహజం, చిన్న జల్లుకే ఆగుతోందంటే డిష్ గురి కొంచెం తప్పిందని, లేదా ఎల్‌ఎన్‌బీ దగ్గర వైరు చివర నీరు చేరిందని అర్థం. ఆ జాయింటు విప్పి, పచ్చగా పట్టిన చిలుమును గీకి, కొత్త కనెక్టర్ వేయించి, పైన రబ్బరు టేపు చుట్టించండి. సముద్రపు గాలికి మీ ఊళ్లో ఈ పని రెండేళ్లకోసారి తప్పకపోవచ్చు.

మీ అబ్బాయి నొక్కింది ఫ్యాక్టరీ రీసెట్ అయి ఉంటుంది. సిగ్నల్ లేనప్పుడు అది నొక్కితే పెట్టె ఉన్న ఛానళ్లను చెరిపేసి, కొత్తవి వెతకబోయి, ఏమీ దొరక్క ఖాళీగా కూర్చుంటుంది. ఆకాశం తేటపడిన రోజున మెనూలో ఆటో స్కాన్ నొక్కి ఐదు నిమిషాలు ఆగండి, ఛానళ్లన్నీ తిరిగి వస్తాయి.