బోరు నీళ్లకు ఏ షాంపూ, ఎంత కండిషనర్?

నల్లగొండ దగ్గర బోరు నీళ్లతో తలస్నానం చేస్తే జుట్టు పీచులా అవుతోంది, షాంపూ మార్చాలా అని అడిగారు.

ముందు నీళ్ల సంగతి. మన దిక్కు ఫ్లోరైడ్ పేరే ఎక్కువ వినిపిస్తుంది గానీ, జుట్టును గరుకు చేసేది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. బకెట్ అంచుకు తెల్లగా పేరుకునేది అదే. ఈ నీళ్లలో ఒంటి సబ్బు తలకు రుద్దితే నురగ సరిగా రాదు, తెట్టు కట్టి వెంట్రుకలకు అంటుకుంటుంది. షాంపూతో ఆ ఇబ్బంది తక్కువ. సీసా వెనక ‘డైసోడియం ఈడీటీఏ’ అని ఉంటే ఇంకా మంచిది, అది కాల్షియాన్ని పట్టుకుంటుంది. ధరతో పనిలేదు, రూపాయి ప్యాకెట్ వెనక కూడా చదవండి.

షాంపూ మాడుకు, కండిషనర్ కొసలకు. చాలామంది రెండూ తలంతా పులిమేస్తారు. మాడుకు రుద్దిన నురగ కిందికి జారితే చాలు, కొసలు శుభ్రపడతాయి. నూనె బాగా పెట్టిన రోజు రెండుసార్లు రుద్దండి. తర్వాత జుట్టు పిండి, చెవుల కింది నుంచి కండిషనర్ పట్టించి, వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీసి, రెండు నిమిషాలాగి కడిగేయండి. ఇంట్లో మిషన్ భగీరథ (సర్కారు మంచినీళ్ల) నల్లా ఉంటే చివరి చెంబులు ఆ నీళ్లే పోసుకోండి.

కుదుళ్ల నుంచి ఊడుతుంటే మాత్రం షాంపూలు మార్చి లాభం లేదు, చర్మ డాక్టర్‌కు చూపించండి.