పొడపత్రి మొదలుపెట్టాక చేతులు వణకడం గురించి

మీ అమ్మగారు షుగర్‌కి గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటూనే పొడపత్రి అనే మూలిక పొడి, కాకరరసం మొదలుపెట్టారని, వారం నుంచి పదకొండింటికల్లా చెమటలు, చేతుల వణుకు వస్తున్నాయని రాశారు కదా, అది పొడి పడకపోవడం కాదండీ, షుగర్ బాగా పడిపోతుండొచ్చు. గ్లిమిపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువ విడుదల చేయిస్తుంది, దానికి షుగర్ తగ్గించే ఈ రెండూ తోడయ్యాయి. వణుకు రాగానే గ్లూకోమీటర్‌తో చూడండి, 70 కంటే తక్కువుంటే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. మత్తుగా ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పొడి, రసం ఇవాళే ఆపేయండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు, రీడింగులు రాసుకుని ఈరోజే డాక్టర్‌కి చూపించండి.

పొడపత్రి ఉత్తిదే అనను. ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది, తీపి తెలియదు, అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాలను అడ్డుకుంటాయి. మెంతుల్లోని జిగురు పీచు గ్లూకోజ్ రక్తంలోకి చేరడాన్ని నెమ్మదింపజేస్తుంది. అసలు మెట్‌ఫార్మిన్ మూలం కూడా ఒక మొక్కే. అందుకే మొక్కల్ని మందులుగానే చూడాలి.

ఆక్సిడేటివ్ స్ట్రెస్‌కి, అంటే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పెరిగి కణాలు దెబ్బతినడానికి, తిప్పతీగ వాడొచ్చా అని అడిగారు. వద్దండీ, దాంతో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. షుగర్ ఎక్కువగా ఉండటం వల్లే కణాల్లో ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయి, కాబట్టి ముందు షుగర్ అదుపులో ఉండాలి. రీడింగ్ ఎంతొచ్చిందో ఇక్కడ రాయండి, నాకూ టెన్షన్‌గానే ఉంది.