ఖర్చు తగ్గించారు సరే, జీతం ఆగితే?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఎల్బీనగర్ వైపు అద్దె ఇంట్లో ఉంటున్నాం. నాకు 34, మావారికి 37. పాపకు ఐదేళ్లు, బాబుకు ఏడాదిన్నర. బాబు పుట్టాక నేను ఉద్యోగం మానేశాను. మావారికి చేతికి 78,000 వస్తుంది. పర్యావరణం విషయంలో మాకు పట్టింపు ఎక్కువ. బాబుకు గుడ్డ డైపర్లే వాడతాం. పిల్లల బట్టలు బంధువుల ఇళ్ల నుంచి వస్తాయి. తడి చెత్తను మేడ మీదే ఎరువు చేస్తాం. ఏసీ లేదు, కారు లేదు. అద్దెతో కలిపి నెల ఖర్చు 41,000 దాటదు. సూర్యాపేటలో ఉన్న అత్తమామలకు 6,000 పంపుతాం. సిప్ 15,000, చీటీ 10,000 కడుతున్నాం. ఆరేళ్లుగా 5 లక్షల ఎండోమెంట్ పాలసీకి ఏడాదికి 24,000 కడుతున్నాం. ఈక్విటీ ఫండ్లలో 4.5 లక్షలు, బ్యాంకులో 35,000, కొంత బంగారం ఉన్నాయి. ఆఫీసు వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ 3 లక్షలు. మంచి తిండి తింటున్నాం, పైగా ఇన్సూరెన్స్ వాళ్ల భయపెట్టే వ్యాపారం మాకు నచ్చదు, అందుకే వేరేది తీసుకోలేదు. పిల్లలు మట్టిలో పెరగాలని, మా కూరగాయలు మేమే పండించుకోవాలని జహీరాబాద్ అవతల 5 గుంటల ఫామ్ ప్లాట్ చూశాం. ధర 9 లక్షలు. బంగారం పెట్టి 5 లక్షలు, పర్సనల్ లోన్ 4 లక్షలు తీసుకుందామనుకుంటున్నాం. 25,000 టోకెన్ ఇచ్చాం. ఖర్చులు తక్కువ కాబట్టి వాయిదాలు కట్టగలం. రుణం ఏ బ్యాంకులో తీసుకుంటే మంచిది?

జవాబు: ఏ బ్యాంకులోనూ వద్దమ్మా.

మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. జీతమంతా ఊదేసి అప్పుల్లో పడ్డవాళ్లకు జవాబు చెప్పడం తేలిక, తప్పెక్కడుందో వాళ్లకే తెలుసు. పొదుపుగా బతికేవాళ్లకు చెప్పడమే కష్టం. ‘మాకు ఖర్చులు తక్కువ, మాకేం కాదు’ అన్న ధీమా వాళ్లలో బలంగా ఉంటుంది. ఈమధ్య ఈ ధీమా ఉన్న దంపతులు చాలామంది తగులుతున్నారు. ప్లాస్టిక్ సంచి ముట్టరు గానీ పర్సనల్ లోన్ ఫారం మీద మాత్రం నవ్వుతూ సంతకం పెట్టేస్తారు.

ఖర్చు తక్కువగా ఉండటం, కష్టకాలానికి డబ్బు ఉండటం ఒకటి కాదు. ఇంకో మాట చెప్తాను, మీకు రుచించకపోవచ్చు. కష్టం వచ్చినప్పుడు మామూలు కుటుంబం కంటే మీరే ఎక్కువ ఇరుక్కుంటారు. నెలకు 70,000 ఖర్చుపెట్టే ఇంట్లో జీతం ఆగిందనుకోండి. హోటళ్లు మానేస్తారు, ఓటీటీలు తీసేస్తారు, కారు అమ్మేస్తారు, నెల తిరిగేసరికి 50,000కు దిగుతారు. మీరేం తగ్గిస్తారు? ఏసీ లేదు, కారు లేదు, డైపర్ల ఖర్చు లేదు, బట్టలు కొనరు. మీ 41,000లో మిగిలినవి అద్దె, బడి ఫీజు, పాలు, బియ్యం, మందులు. అందులో ఏదీ ఆగేది కాదు. మామూలు వాళ్లకు ఆరు నెలల ఖర్చుకు సరిపడా నిధి చాలంటాను. మీకు ఎనిమిది నెలలకు తక్కువ ఉండకూడదు.

ఆ 41,000 అయినా ఎంత గట్టి లెక్కో ఒకసారి చూడండి. గుడ్డ డైపర్లు ఉతికి ఆరేస్తున్నది ఎవరు? ఎరువు గంపలు తిరగేస్తున్నది, చిరుతిండి ఇంట్లోనే చేస్తున్నది, రైతుబజారుకు వెళ్లి బేరమాడి తెస్తున్నది ఎవరు? ఉత్తరంలో అంతా ‘మేం’ అనే రాశారు గానీ ఇందులో ఎక్కువ భాగం మీ ఒంటి చాకిరీ అని నా అనుమానం. ఆ చాకిరీకి జీతం లేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. మీకు నెలరోజులు నడుం పట్టేస్తే చాలు, పనిమనిషి కావాలి, కొన్న డైపర్లు కావాలి, బయటి తిండి కావాలి. రేపు మీరు మళ్లీ ఉద్యోగానికి వెళ్లినా బాబును చూసుకునే చోటుకు కట్టాలి. వెళ్లాలనే నా సలహా కూడా. అంటే మీ పొదుపు నిలబడుతున్నది ఒకరి జీతం మీద, ఇంకొకరి ఒంట్లో ఓపిక మీద. ఈ రెండూ ఒకేసారి ఆగిపోయే రోజు ఎవరింట్లోనైనా వస్తుంది. ఒక ప్రమాదం, ఒక డెంగీ చాలు. వర్షాకాలంలో మీ ఎల్బీనగర్ దోమ ఎవరు కొర్రలు తింటున్నారో, ఎవరు మైదా తింటున్నారో అడిగి కుట్టదు.

ఇప్పుడు మీరు అనుకుంటున్న అప్పు సంగతి. 4 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 9,300 కట్టాలి. మొత్తం మీద వడ్డీయే 1.58 లక్షలు. బంగారం మీద 5 లక్షలకు 10 శాతం అనుకున్నా వడ్డీ ఏడాదికి 50,000, నెలకు 4,170 పడినట్టు. రెండూ కలిపి 13,500 దాకా. ‘కట్టగలం’ అన్నారు. సిప్ ఆపితే నిజంగానే కట్టగలరు. మరి ఏడాది తిరిగాక బంగారం మీది అసలు 5 లక్షలు ఎక్కణ్నుంచి తెస్తారు? తేలేరు. వడ్డీ కట్టి తిరగరాయిస్తారు, మరుసటి ఏడూ అదే. ఇలా ఏళ్ల తరబడి తాకట్టులోనే మగ్గి, చివరికి వేలంలో పోయిన నగలు నేను చాలా చూశాను. మధ్యలో ఒక నెల జీతం ఆగితే మీ 35,000 ఆ నెల ఇంటి ఖర్చుకే చాలదు. ఆ తర్వాత చేతిలో మిగిలేది క్రెడిట్ కార్డు, లేదా పది నిమిషాల్లో డబ్బులిస్తామనే లోన్ యాప్. కార్డు మీద బాకీ ఉంచితే ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా పడుతుంది. యాప్ గురించి ఇక్కడ రాయను, రాస్తే భాష పాడవుతుంది.

దీనంతటికీ మూలమైన ఆ 5 గుంటలను కూడా చూద్దాం. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, అంటే మీరు కొంటున్నది 605 గజాల సాగుభూమి. లేఅవుట్ అనుమతి లేకుండా గుంటల లెక్కన ముక్కలు చేసి అమ్మే భూమి మీద ఏ బ్యాంకూ గృహరుణం ఇవ్వదు. అమ్మేవాళ్లు మిమ్మల్ని పర్సనల్ లోన్ వైపు, బంగారం వైపు తోసింది అందుకే. బ్యాంకు ఎందుకు ఇవ్వనంటోందో ముందు ఆలోచించాల్సింది. మీ పేరున విడిగా పాసుపుస్తకం వస్తుందా, లేక కంపెనీ భూమిలో విడదీయని వాటా రాసిస్తారా? బ్రోషర్‌లో ఉన్న చెక్క ఇల్లు అక్కడ కట్టుకోనిస్తారా? ‘సాగు మేమే చేస్తాం, ఐదేళ్లలో రెట్టింపు ఇచ్చి వెనక్కి కొంటాం’ అని కూడా చెప్పి ఉంటే ఇంకా జాగ్రత్త. పదిమంది దగ్గర డబ్బు పోగుచేసి, భూమి తామే నడిపి రాబడి పంచుతామనే పథకానికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగండి, ముఖం చూడండి.

జహీరాబాద్‌కు హైదరాబాద్ నుంచి పోను రాను 200 కిలోమీటర్లు దాటుతుంది. చంకలో ఏడాదిన్నర పిల్లాడితో ప్రతి ఆదివారం బస్సులో వెళ్లరు. ఆరు నెలల్లో కారు వస్తుంది, అది కూడా లోన్ మీదే. మీరు వెళ్లని రోజుల్లో మొక్కలకు నీళ్లు పెట్టే మనిషికి జీతం ఇవ్వాలి. కంచె, డ్రిప్, బోరులో వంతు ఉండనే ఉన్నాయి. పర్యావరణం పేరుతో మొదలుపెట్టి వారానికి 200 కిలోమీటర్ల పెట్రోలు కాల్చడం ఏ లెక్కన కుదురుతుందో నాకైతే అర్థం కాలేదు. అదే జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు దశాబ్దాలుగా రసాయనాలు లేకుండా జొన్న, కొర్ర, సామ పండిస్తున్నారు, విత్తనాలు తామే దాచుకుంటున్నారు. వాళ్ల పనికి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. అలాంటి రైతుల దగ్గర ఏడాది పొడవునా గింజలు కొనండి. మీ కోరిక తీరుతుంది, వాళ్లకూ గిట్టుబాటు అవుతుంది, మీ నగలు బీరువాలోనే ఉంటాయి. పిల్లలు మట్టిలో ఆడాలంటే సూర్యాపేటలో తాతయ్య, నానమ్మ ఉన్నారు కదా. సెలవులకు పంపండి.

ఇక చేయాల్సిన పని. ఇంటి ఖర్చు 41,000, పెద్దవాళ్లకు 6,000, కలిపి 47,000. ఎనిమిది నెలలకు 3,76,000. ఇదే మీ అత్యవసర నిధి, దీని తర్వాతే ఇంకేదైనా. ఫండ్లలోంచి 2 లక్షలు తీయండి. ఏడాది దాటిన యూనిట్లే అమ్మండి, ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం వరకు పన్ను పడదు. అందులో 45,000 ఇన్సూరెన్స్ ప్రీమియంలకు తీసి (ఏ ఇన్సూరెన్సో కింద చెప్తాను), మిగిలిన 1,55,000ను ఉన్న 35,000కు కలిపితే 1,90,000. సిప్ ఆపండి. ఆ 15,000, మీరు రాసినవన్నీ జీతంలోంచి తీసేశాక ప్రతి నెలా ఎటు పోతోందో తెలియని 4,000 కలిపి నెలకు 19,000 జమ చేస్తే పది నెలల్లో నిధి నిండుతుంది. పది నెలలు సిప్ ఆగితే కొంపలేం మునగవు. ఈ డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనే ఉంచండి, రెండు బ్యాంకుల్లో, చిన్న చిన్న ముక్కలుగా, ఇద్దరి పేర్లతో. పర్యావరణ పనులకు వాడతామంటూ బ్యాంకులు తీసుకునే ‘గ్రీన్ డిపాజిట్’ కనబడితే ఆశపడకండి. వాటి కాలపరిమితి పెద్దది కావొచ్చు, వడ్డీ కాస్త తక్కువ కూడా ఉండొచ్చు. ఈ డబ్బుకు ఆదర్శాలు అక్కర్లేదు, అర్ధరాత్రి ఆస్పత్రి కౌంటర్ దగ్గర చేతికి రావాలి, అంతే.

ఇన్సూరెన్స్ వాళ్లు భయపెడతారన్న మాట నిజమే. ఏజెంట్లలో సగంమంది పని అదే. కానీ మీ ఇంటి లెక్క వాళ్ల కంటే ఎక్కువ భయపెడుతోంది. మీవారికి ఏదైనా అయితే ఆ ఎండోమెంట్ 5 లక్షలను 47,000తో భాగించండి. పదకొండు నెలలు కూడా రాదు. పాపకు అప్పటికి ఆరేళ్లు. పైన 9 లక్షల అప్పు కూడా ఉంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. కోటిన్నరకు తగ్గకుండా టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే డబ్బు వచ్చే జీవిత బీమా, మీవారి పేరున ఈ నెలలోనే తీసుకోండి. మీ ఖర్చులు తక్కువ కాబట్టే కోటిన్నర సరిపోతుందంటున్నాను, మీ పొదుపు అక్కరకొచ్చేది ఇక్కడే. సిగరెట్, బీపీ, షుగర్ ఏమున్నా దాచకుండా రాయండి. టర్మ్ పాలసీ చేతికొచ్చాక ఆ ఎండోమెంట్‌ను పెయిడప్ చేసేయండి, అంటే ఇక ప్రీమియం కట్టకుండా తగ్గిన మొత్తంతో కొనసాగనివ్వండి, మిగిలే 24,000 వచ్చే ఏటి ప్రీమియంలకు పనికొస్తుంది. మీరు మళ్లీ సంపాదించడం మొదలుపెట్టగానే మీ పేరునా ఒక టర్మ్ ఉండాలి.

ఆఫీసు ఇచ్చే 3 లక్షల హెల్త్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది, సరిగ్గా అవసరమైన రోజునే ఉండదు. నలుగురికీ కలిపి వాడుకునే 10 లక్షల సొంత హెల్త్ పాలసీ (ఫ్లోటర్) తీసుకోండి. ముందు నుంచే ఉన్న జబ్బులకు కంపెనీలు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు, అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే కొనాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా లేదు. ఇంకా వాయిదా వేయడానికి ఏ సాకూ మిగల్లేదు.

చీటీ పాడకండి. చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైనదేనా, కాదా చూసుకోండి. అయితే చివరిదాకా సాగించండి. తెలిసినవాళ్లు నోటి మాట మీద నడిపే చీటీ అయితే మాత్రం ఎలా బయటపడాలో ఇప్పటి నుంచే చూడండి.

సూర్యాపేటలో అత్తమామలది సొంత ఇల్లైతే, నిధి నిండాక, ఆ కప్పు మీద సోలార్ గురించి ఆలోచించండి. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ వస్తుంది. పర్యావరణం కోసం పెద్ద ఖర్చు పెట్టి తీరాలనుకుంటే ఫామ్ ప్లాట్ కంటే ఇది వంద రెట్లు నయం. కరెంటు బిల్లులో ఫలితం కళ్లకు కనిపిస్తుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ ఇప్పుడు అవసరం లేదు, మహిళలకు ఆర్టీసీ బస్సు ఎలాగూ ఉచితమే. పాప చదువుకు ఆడపిల్లల పొదుపు ఖాతా సుకన్య సమృద్ధి మంచిదే, పాపకు పదేళ్లు నిండేలోపు ఎప్పుడైనా తెరవొచ్చు, నిధి తర్వాత చూద్దాం.

గుడ్డ డైపర్లు, ఎరువు గంప, బంధువుల ఇళ్ల నుంచి వచ్చే బట్టలు, ఇవేవీ మానొద్దు. వాటితో నాకు పేచీ లేదు.

టోకెన్ 25,000 విషయం. రసీదు మీద వెనక్కి ఇచ్చే షరతు ఏముందో చదవండి. పట్టా, పాసుపుస్తకం, లేఅవుట్ అనుమతి కాగితాల నకళ్లు కావాలని, చూపకపోతే డబ్బు వాపసు ఇవ్వాలని ఈ వారమే ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. వస్తే ఆ 25,000 నేరుగా డిపాజిట్‌లోకి వెళ్లాలి. రాకపోతే పోయిందనుకోండి. ఆ 25,000 కోసం మిగతా 8,75,000 అప్పు చేసి ఇవ్వకండి. బీరువా తాళం ఇంట్లోనే ఉంచండి, గోల్డ్ లోన్ ఆఫీసు అపాయింట్‌మెంట్ ఏదైనా తీసుకుని ఉంటే రేపు పొద్దున్నే ఫోన్ చేసి రద్దు చేయించండి.