అంకెలు రెండుగా కనిపిస్తే అది మింట్ ఎర్రరేనా?

మీ నాణెం మీద సంవత్సరం అంకెలు జంటగా కనిపిస్తున్నాయని, అది టంకశాలలో జరిగిన పొరపాటో, తర్వాత పాడైందో తేల్చుకోలేకపోతున్నానని అడిగారు. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో నాకూ ఇదే ఎదురైంది. అంకెల పక్కన నీడలాంటిది చూసి డబుల్డ్ డై, అంటే ముద్ర వేసే అచ్చు (డై) మీదే రూపం జంటగా పడిన నాణెం, దొరికిందనుకున్నాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చాలా ఏళ్లుగా సేకరిస్తున్న ఒకాయనకు చూపిస్తే, లైటు కింద దాన్ని అటూ ఇటూ వాల్చి, "అంకె పక్కన మెట్టులా చదునుగా ఉంది చూడు, ఇది మెషీన్ డబ్లింగ్" అన్నారు. లూప్‌లో (చిన్న భూతద్దంలో) చూశాను. నిజంగానే సన్నని మెట్టు, నున్నగా మెరుస్తూ ఉంది.

మెషీన్ డబ్లింగ్ అంటే ఇదే: ముద్ర పడిన క్షణంలో డై కాస్త కదిలితే, అప్పుడే లేచిన అంకె పక్కభాగాన్ని అది నొక్కేస్తుంది. అందుకే అసలు అంకె సన్నబడుతుంది, పక్కన చదునైన మెట్టు మిగులుతుంది. ఇది చాలా మామూలుగా దొరుకుతుంది, సేకరించేవాళ్లు దీనికి పెద్దగా విలువ ఇవ్వరు. డబుల్డ్ డైలో తప్పు డై తయారైనప్పుడే జరిగిపోతుంది. రెండు రూపాలూ గుండ్రంగా, ఉబ్బెత్తుగా ఉంటాయి, అక్షరాల కొసలు చీలినట్టు కనిపిస్తాయి. ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే చోట అదే జంట ఉంటుంది. 1955 నాటి అమెరికా ఒక సెంటు ఇందుకు పేరుమోసింది, తేదీ జంటగా ఉన్నట్టు మామూలు కంటికే తెలిసిపోతుంది. అదే ఏడాది సెంట్లలో అరిగిన డై వల్ల చివరి 5 పక్కన మాత్రమే నీడ పడినవీ ఉన్నాయి. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది వాటి దగ్గరే.

ఇలా ఒక డై నుంచి పదే పదే వచ్చే తేడాను వెరైటీ అంటారు. ముద్ర పక్కకు జరగడం, బిళ్ల (ముద్ర వేయకముందున్న లోహపు ముక్క) అంచు తెగి ఉండడం లాంటివి ఏ నాణేనికి ఆ నాణెంగా వచ్చే ఎర్రర్లు.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది: నాణెం మీద కనిపించే గీత పైకి లేచి ఉందా, లోపలికి దిగి ఉందా? డై పగిలితే ఆ పగుల్లోకి లోహం వెళ్తుంది కాబట్టి నాణెం మీద గీత ఉబ్బెత్తుగా వస్తుంది. లోపలికి కోసుకుపోయిన గీత దాదాపు ఎప్పుడూ బయట తగిలిన దెబ్బే. అంచు తెగిన నాణెం దొరికితే తెగిన చోటునే చూస్తూ ఉండిపోకండి, సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న అంచును చూడండి. ముద్ర పడకముందే తెగిన బిళ్ల అయితే సాధారణంగా అక్కడ అంచు పలచబడి ఉంటుంది. కత్తిరించిన నాణెంలో ఆ లక్షణం ఉండదు.

ఏదైనా భాగం మాయమైందంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1937లో అమెరికాలోని డెన్వర్ టంకశాలలో డైని మరీ ఎక్కువగా పాలిష్ చేయడంతో నికెల్ (ఐదు సెంట్ల నాణెం) మీది అడవిదున్నకు ముందుకాలు ఒకటి చెరిగిపోయింది. మామూలు నాణెం మీద కాలు గీకేసి దాన్నే అమ్మేవాళ్లూ ఉన్నారు. అసలుదానిలో దున్న పొట్ట కింద నుంచి చిన్న చిన్న ఉబ్బుల వరస నేల వైపు దిగుతుంది. గీకి తయారుచేసినదానిలో అది ఉండదు.

10 రెట్లు పెద్దదిగా చూపే లూప్, 0.01 గ్రాముల వరకు చూపే చిన్న తూకం ఉంటే మొదట్లో చాలు. బరువు అధికారికంగా ప్రకటించినదానికి బాగా తక్కువగా ఉంటే, యాసిడ్‌లో వేసి అరగదీశారేమో అని అనుమానించండి. దయచేసి దేన్నీ రుద్ది శుభ్రం చేయకండి, మీరు వెతుకుతున్న ఆనవాళ్లే పోతాయి.

ఇప్పుడు మీ నాణేన్ని లైటుకు ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. జంటలో రెండోది అంకెంత ఎత్తులో గుండ్రంగా ఉంటే, అదే సంవత్సరం, అదే టంకశాల నాణేలు ఇంకో పది తీసి అదే చోట వెతకండి.